పదిహేను నిమిషాలకోసారి

ఈ కౌంటీ కమిషన్ మీటింగులకు
పందొమ్మిదేళ్లుగా మినిట్స్ రాస్తున్నదాన్ని.
ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు,
ఎన్ని చేతులు లేచాయి, అంతవరకే నా పని.
ఎవరి గొంతు ఎక్కడ పట్టేసిందో రాసే గడి
ఆ ఫారంలో లేదు.

ఫిబ్రవరి రెండో మంగళవారం.
కెనడా సరిహద్దు ఇక్కడికి నలభై మైళ్లు,
గాలికి మధ్యలో అడ్డేమీ లేదు.
కోర్టుహౌస్ హీటరు ముసలి దగ్గు దగ్గుతోంది.
ఆరో అంశం కంకర.
ఏ రోడ్డుకి ఎన్ని లారీలు, ఎవరి పొలం దాకా
గంటా పది నిమిషాలు మాట్లాడారు.
కంకర గురించి ఇక్కడ అందరికీ తెలుసు.
ఏడో అంశం జైలు సిబ్బందికి శిక్షణ,
ముప్పై ఎనిమిది వేల డాలర్లు.

గ్రెటా హాల్వర్సన్ లేచింది.
మేం కూర్చున్న నేల కిందే ఆమె జైలు,
పదకొండు గదులు.
రెండేళ్ల కిందటి దాకా డిస్పాచ్‌లో ఫోన్లెత్తేది.
పాత అడ్మినిస్ట్రేటర్‌కి గుండె ఆగితే
శుక్రవారం సాయంత్రం తాళాల గుత్తి చేతిలో పెట్టి
సోమవారం నుంచి నువ్వే అన్నారు.
"నాకూ ఎవరూ నేర్పలేదు" అంది.
నా వైపు తిరిగి "అదీ రాయండి" అంది.
రాశాను.

"తలుపు తీసి తలుపు వెయ్యడానికి
ముప్పై ఎనిమిది వేలా?" అన్నాడు ఆర్లో ఫిస్కే.
ఇద్దరు నవ్వారు.
చెడ్డవాడు కాదు ఆర్లో.
అడక్కుండానే మా వాకిట్లో మంచు తోసిపోతాడు.

అప్పుడు వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు.
ధాన్యం గోదాము జాకెట్టు, మోచేతుల దాకా పొట్టు.
రూలు ప్రకారం పేరు చెప్పమన్నాను.
కోల్బీ రూడ్.
నాకు తెలుసు. గదిలో అందరికీ తెలుసు.

జేబులోంచి మడతల కాగితం తీశాడు.
అక్టోబరు తొమ్మిది రాత్రి లాగ్ పుస్తకం,
నాలుగో నంబరు గది, అతని చేతిరాతకే నకలు.
చదివాడు:

పన్నెండుంబావు, నిద్రపోతున్నాడు.
పన్నెండున్నర, నిద్రపోతున్నాడు.
పావుతక్కువ ఒంటిగంట, గురక పెడుతున్నాడు.
ఒంటిగంట, నిద్రపోతున్నాడు.

ఆపమని ఎవరూ అనలేదు.
మూడుంబావు దాకా చదివాడు.
ఆర్లో నీళ్ల గ్లాసు ఎత్తి
తాగడం మర్చిపోయాడు.

"అది గురక కాదు" అన్నాడు కోల్బీ.
"మూడు రోజులుగా తాగుడు ఆగిపోయిన మనిషికి
చేతులలా వణికితే, గొంతులో ఆ చప్పుడొస్తే
లేపి చూడాలని, లేవకపోతే పరిగెత్తాలని
ఇప్పుడు తెలుసు. లైబ్రరీలో చదివాను. తర్వాత.
నాకిచ్చింది ఒక రేడియో, ఒక షర్టు,
ఒక్క రాత్రి ఇంకొకరి వెనకాల నడక.
షర్టు కూడా వదులే.
పదిహేను నిమిషాలకోసారి చూడమన్నారు.
చూశాను. ఒక్కసారి తప్పలేదు సార్.
ఏం చూడాలో చెప్పలేదు."

మూడో వరసలో డ్వేన్ పెల్కీ అక్క.
పక్క కుర్చీ మీది కోటు తీసి ఒళ్లో పెట్టుకుంది.
కోల్బీ అటు చూడలేదో, చూసే ధైర్యం చాలలేదో,
గోడకానుకుని నిలబడిపోయాడు.

మూడు చేతులు లేచాయి, రెండు లేవలేదు.
ఆర్లోది లేచింది, భుజం దాకానే.
పందొమ్మిది వేలు మంజూరు.
మిగతాది వచ్చే ఏడు పరిశీలించాలి.
"ఏ సగం నేర్పొద్దంటారు?" అని అడిగింది గ్రెటా.
చైర్మన్ నీళ్లు నమిలి ఎనిమిదో అంశం అన్నాడు.
నేను చర్చ లేదు అని రాశాను.
పందొమ్మిదేళ్లలో అది నేను రాసిన మొదటి అబద్ధం కాదు.

రాత్రి సంతకాల ప్రతి ఇవ్వడానికి కిందికి దిగాను.
డ్యూటీలో కొత్త పిల్ల, ఇది మూడో రాత్రి.
నాలుగో గది అద్దానికి నుదురానించి
పెదాలతో ఊపిరి లెక్కపెడుతోంది.
గ్రెటా డబ్బు కోసం ఆగినట్టు లేదు.
బల్ల మీద లాగ్ పుస్తకం తెరిచి ఉంది.
పదీ నలభై అయిదు.
నిద్రపోతున్నాడు అని రాసి, అడ్డంగా కొట్టేసి,
కింద ఇంకో పెన్నుతో:

లేపాను. పేరు చెప్పాడు.
తిట్టాడు.