ముందు ఇంకొంచెం బిగించు

బేసిను కింద వెల్లకిలా పడుకున్నాను.
వీపు కింద పాత తువ్వాలు, నోట్లో టార్చి.
అరవై మూడేళ్ళ ఒళ్ళు
అల్మరా తలుపుల మధ్య సగమే పట్టింది.
మిగతా సగం, అంటే కాళ్ళు, నడవాలో ఉన్నాయి.
పిల్లి వచ్చి పాదం వాసన చూసి వెళ్ళిపోయింది.

కొత్త కుళాయి అట్టపెట్టెలో మెరుస్తూ కూర్చుంది,
విందుకి గంట ముందే వచ్చేసిన చుట్టంలా.
పాతది కదలదు.

పైనుంచి చూస్తే ఏమీ ఎరగనట్టే ఉంటుంది,
బొట్టు బొట్టు కారడం తప్ప.
అసలు సంగతంతా కింద, చీకట్లో:
ఒక ఇత్తడి నట్టు,
దాని చుట్టూ పుట్టలా పెరిగిన సున్నం.
మాల్టాలో నీళ్ళు ఊరికే రావు,
దీవిని కాస్త కాస్త కరిగించుకుని మరీ వస్తాయి.
గోడలో ఉన్న రాయే కెటిల్ అడుగునా ఉంటుంది.
మా సెంగ్లియా గుట్ట
ముప్పై ఎనిమిదేళ్ళు చుక్క చుక్కగా దిగొచ్చి
ఈ నట్టు మీద కాపురం పెట్టింది.

పానా వేశాను. జారింది.
మళ్ళీ వేశాను. వేలి కణుపు దోక్కుపోయింది.
వెనిగర్లో ముంచిన గుడ్డ చుట్టి రాత్రంతా ఉంచాను,
జ్వరం పిల్ల నుదుటి మీద తడిగుడ్డలా.
తెల్లారేసరికి ఇల్లంతా
ఊరేసిన కేపర్ మొగ్గల వాసన.
నట్టు మాత్రం ససేమిరా అంది.

ఎవడు బిగించాడో గానీ, అని తిట్టుకున్నాను.
ఎవడేమిటి, సాల్వు. ఇంకెవరు?
డ్రైడాక్‌లో ఓడల అడుగులు బిగించిన చెయ్యి.
జామ్ సీసా మూత కూడా
సముద్రం లోపలికొస్తుందేమో అన్నట్టు మూసేవాడు.
పోయి నాలుగేళ్ళయింది,
ఇంకా నాకు పని చెబుతూనే ఉన్నాడు.

ఎదురింటి విస్టిన్ పొడుగు పానా పట్టుకొచ్చాడు.
ఆయనా డాక్ మనిషే.
ఎడమ చెవి అక్కడే, సుత్తుల కిందే, వదిలేసి వచ్చాడు.
వంగి చూశాడు, ముక్కుతో ఒక శబ్దం చేశాడు.
"నాజరేనా, విప్పకు.
ముందు ఇంకొంచెం బిగించు.
అంత పట్టుదలగా కూర్చున్నదాన్ని
వదిలెయ్ అంటే వదుల్తుందా?
నువ్వన్నదే సరే అను. అప్పుడు సడలుతుంది."

జుట్టు ఆరబెట్టే మిషనుతో వేడి పెట్టాను.
వెంట్రుకవాసి బిగించాను.
మరోసారి, ఇంకో వెంట్రుక.

టిక్.

బిస్కెట్టు విరిగినంత చిన్న చప్పుడు.
కంట్లో సున్నం పొడి పడింది,
నోట్లోంచి టార్చి జారి దొర్లిపోయింది.
ఆ చీకట్లోనే తిప్పాను. తిరిగింది.
కీచుమంటూ, తిట్టుకుంటూ, తిరిగింది.

వెలుతురులోకి తెచ్చి చూశాను.
మరల మధ్య సాల్వు వాడే జనపనార లేదు.
దారం ఉంది. నారింజ రంగు దారం.
జీన్స్ జేబులకి కుట్టే దారం.

అప్పుడు నేను ఫ్యాక్టరీలో జేబులు కుట్టేదాన్ని,
రోజుకి నాలుగు వందలు.
అతనిది రాత్రి షిఫ్టు.
"ఆదివారం చూస్తాలే" అన్న ఆదివారాలు మూడు అయిపోయాయి.
పళ్ళొచ్చే పిల్ల చంకలో ఏడుస్తోంది,
కింద బకెట్టు నిండుతోంది.
ఏప్రన్ జేబులో దొరికిన దారమే చుట్టాను,
చుట్టి చుట్టి, పానా వేసి,
ఆ మూడు ఆదివారాలూ అందులో పెట్టి బిగించాను.
పొద్దున వచ్చి అతను ఒకసారి చేత్తో కదిపి చూశాడు.
కదల్లేదు. ఏమీ అనలేదు.
టీ పెట్టి ఇచ్చాడు.

ఇది నేనెలా మర్చిపోయాను?

విస్టిన్ నట్టుని అరచేతిలో ఎగరేశాడు.
"సాల్వు చెయ్యంటే సాల్వు చెయ్యే!"
"కాదు," అన్నాను, "నాది."
ఎడమవైపు నిలబడి చెప్పినట్టున్నాను.
"అదే నేనూ అంటున్నా," అని తలూపి
కొత్త కుళాయి పెట్టె తెరిచాడు.