నూటికి ముప్పై ఎనిమిది

మంది పండుకునే పరుపుల
పొట్ట కోసి చూసినోణ్ణి నేను.
నలభై ఏండ్ల సంది నల్లగొండ గల్లీలల్ల
విల్లు భుజానేసుకొని తిరిగినోణ్ణి.
ఏ ఇంట్లె నిద్ర యాడ కుంగిందో
కుట్టు ఇప్పంగనే తెలుస్తది.
ఒక్కదిక్కే గుంత పడితే
రెండోమనిషి లేడని.
నడుమ గట్టిగ గడ్డకడితే
ఇద్దరున్నా మాటల్లేవని.
దూదిల దొరికినయ్ చెప్పాల్నంటే
ఒక పాలపన్ను, రెండు పిన్నీసులు,
బ్యాంకు నోటీసు నాలుగు మడతలు,
ఎవరు ఎందుకు దాసిన్రో మరి,
సగం కొరికిన బెల్లంముక్క.
అన్నీ ఎవరియి వాళ్లకిచ్చేసిన.
నోటీసు తప్ప.
అది మళ్ల దూదిల్నే వెట్టి కుట్టిన.

మొన్న ఎండకాలం
రామగిరిల పురుషోత్తం సేటు పిలిపిచ్చిండు,
పాత పరుపు తీస్కపొమ్మని.
కొత్తది డబ్బాల చుట్టుకొని వచ్చిందంట,
ఇప్పంగనే ఊపిరి పీల్చి
లేచి కూసున్నదంట.
కిటికీలకు నల్లపరదాలు,
మూతికి అంటిచ్చుకునే పట్టీ,
తలకాడ వానచప్పుడు చేసే మిషిను.
(నల్లగొండల వాన!
నవ్వొచ్చింది, మింగిన.)
పొద్దుగూకితే చాయ్ బంద్.
ఇంత జేసినా చేతి గడియారం
తెల్లారంగనే అరవై ఒకటి అంటదంట,
నూటికి.
"పోయినవారం డెబ్బై నాలుగుండె మౌలాలీ"
పది ఫెయిలైన పిలగాని లెక్క
మొఖంవెట్టిండు మిల్లు ఓనరు.

నేనేమొ వాళ్ల గోడనీడల,
ఇప్పిన పరుపు మీదనే
తిన్న చెయ్యి ఆరకముందే ఒరిగిన.
లేచేసరికి మణికట్టుకు చల్లగ ఏందో.
సేటు పక్కన గొంతుక్కూసొని
నా నిద్రను చదువుతున్నడు.
"రాత్రి గూడ పెట్టుకొని పండు, రేపియ్యి."

తెల్లారి చూసి చెప్పిండు.
ముప్పై ఎనిమిది.
లోతు తక్కువంట నా నిద్రకు.
పదకొండుసార్లు మెలకువొచ్చిందంట,
ఒక్కటన్నా నాకు యాదికుంటే గద.
సేటు మొఖం మాత్రం జర తేటవడ్డది.
నాకు చాయ్ పోయిచ్చిండు,
తను గూడ తాగిండు.

గడియారం ఇచ్చేసిన.
మార్కులు నా ఎంబడి ఇంటికొచ్చినయ్.

ఆ రాత్రి,
అరవై రెండేండ్లల్ల మొదటిసారి,
నిద్ర కోసం ఎదురుచూసిన.
గుంటూరు దిక్కు ఒక బండి పోయింది.
ఎవరిదో బోరుమోటరు దగ్గి దగ్గి ఆగింది.
లతీఫ్‌సాబ్ గుట్ట మీద ఒక్కటే లైటు,
అది గూడ నా లెక్కనే.
పక్కన ఖాసింబీ
మనుమరాలి కాలు కడుపు మీదేస్కొని
నోరు తెరిచి,
చిరిగిన బొంత మీద...
ఈమెకు ఎన్నొస్తయో అనుకున్న.
అనుకున్నందుకు సిగ్గయ్యింది.

లేపిన.
"నిద్రవడ్తలేదే" అన్న.
కండ్లు తెరువకనే అన్నది:
"మరి నన్నెందుకు లేపినవ్?
ఆ మూలకు సేటోళ్ల దూదున్నది,
ఏకుపో."

నడిజామున వాకిట్ల
తంతి మీట్న.
ముద్దలు ఇడిపోయి
ఇరవయ్యేండ్ల సేటు గుంత
దుమ్ములెక్క లేచి
వీధిలైటు దాకా పోయింది.
ఎప్పుడు ఒరిగిన్నో తెల్వదు.

పొద్దెక్కినంక
గడ్డంల దూదిపోగులు ఏరుతున్నది పోరి,
ఒకటి, రెండు, మూడు అని.
పది కాడ ఆగింది.
అటెన్క దానికి లెక్క రాదు.