రెండు వందల పోగులు

మైపాడు నుంచి మస్తానమ్మ తెచ్చిన కాయిల్
గుడ్డసంచిలో ఇంకా కాలిన వాసన వేస్తోంది.
రొయ్యల పచ్చడి సీసాల మూతికి
రేకు అతికించే మిషనుది.
"లావు తీగ చుట్టించినాం నాయనా,
లావుంటే గట్టిగుంటదని.
మూడు వారాలు గూడా రాలా."

లావు తీగ సంగతి నాకు తెలుసు.
స్టోన్‌హౌస్‌పేట సందులో
గౌస్ మేస్త్రీ పక్కన పీట వేసుకుని
ముప్పై ఏళ్లు బోరు మోటార్లకు అదే చుట్టాను.
సెకనుకు యాభై సార్లు అటూ ఇటూ తిరిగే కరెంటు
తీగ నిండా నడుస్తుంది,
ట్రంకు రోడ్డు మీద గంధం ఊరేగింపులా.
యాభై వేల సార్లు తిరిగేది వేరు.
దానికి లోపలికి పోయే తీరిక లేదు,
చర్మం పట్టుకుని పరిగెత్తుతుంది.
నడిమధ్య రాగి ఊరికే కూర్చుంటుంది
పనికి పిలవని కూలీలా.

అందుకని సన్న పోగులు కావాలి.
నలభై రెండో గేజి,
తలవెంట్రుక కంటే పిసరంత లావు.
ఏ పోగు ఎనామిల్ చొక్కా ఆ పోగుకే.
చొక్కాలన్నీ చినిగితే మళ్లీ అదే లావు తీగ,
చొక్కా మందమైతే రాగికి చోటుండదు.

కొట్టువాడు రెండు రీళ్లు బల్ల మీద పెట్టాడు.
ఒకటి వేడికి బాగా ఓర్చుతుంది,
కానీ టంకం పెట్టే ముందు గీకాలి.
రెండు వందల చివర్లు, పట్టుకుంటే తెగేవి,
ఈ కళ్లతో.
రెండోది కాగే టంకంలో ముంచితే
తనంతట తానే కరిగి దారిస్తుంది,
కానీ అంత వేడి తట్టుకోదు.
మస్తానమ్మ రేకుల షెడ్డు గుర్తొచ్చింది,
రోహిణి కార్తె గుర్తొచ్చింది.
ఒకదాని మీద చెయ్యి పెట్టి
ఇంకోదాన్ని చూస్తా నిలబడ్డాను.
చివరికి కరిగేదే కొన్నాను.
కాగకుండా చుట్టడం నా పని,
కాగాక ఓర్చుకోవడం దాని పని కాదు.

పురి పెట్టించడానికి పాటూరు పోయాను.
రెండు వందలూ ఒకేసారి మెలిపెట్టమంటే
మగ్గం గుంటలోంచి లేవకుండానే బుజ్జయ్య నవ్వాడు.
"అట్ట మెలిపెడితే
లోపల పడింది లోపల్నే ఉండిపోద్ది,
బయటిది బయట్నే.
ఎనిమిది పోగులు ఒక పురి,
అయిదు పురులు ఒక పాయ,
అయిదు పాయలు నీ తీగ.
అప్పుడు మూర పోయేలోగా
ప్రతిదానికీ గుమ్మం దగ్గర వంతు వస్తది."

కరెంటు సంగతి
నేను అతనికి ఇంకా చెప్పనే లేదు.

పై చుట్టుకు నూలు వద్దన్నాడు,
సముద్రపు గాలిని తాగి ఉబ్బుతుందని.
నైలాన్ నేను వద్దన్నాను.
చీర అంచుకు తెచ్చి మిగిలిన పట్టుంది, మామిడి చిగురు రంగుది,
ఒకటే వరస, ఒత్తకుండా చుట్టాడు.
పైన పలచగా వార్నిష్ నేను పూశాను.
కూలి అడిగితే
"ఇంత తీగకు చీర కూలి ఎట్ట అడిగేది" అని
టీ డబ్బులు మాత్రం తీసుకున్నాడు.

మిషను కింద నలభై సీసాలు పోయాయి.
కాయిల్ మీద అరచెయ్యి పెట్టాను.
పాలగిన్నె పాటి వెచ్చన.
మస్తానమ్మ రెండు సీసాలు చేతిలో పెట్టింది.

రాత్రి అన్నంలోకి ఒకటి తీశాను.
రేకు గోటికి లొంగలేదు, కత్తితో పొడిచాను.
అప్పుడొచ్చింది ఘాటు.
ముద్ద కలిపి ఆగాను.
టంకంలో ముంచేటప్పుడు రెండు వందల్లో ఒక పోగు
పక్కకు వంగి నిలబడింది.
చూశాను. చూడనట్టు స్లీవ్ తొడిగాను.
మీటరుకు అది తెలియదు.
మస్తానమ్మకు ఎప్పటికీ తెలియదు.
దాని పని మిగతా నూట తొంభై తొమ్మిదీ
చడీ చప్పుడూ లేకుండా పంచుకుంటాయి.

పొద్దున మొదటి మైపాడు బస్సు ఎక్కాను,
ఒళ్లో టంకం గిన్నె,
చొక్కా జేబులో కళ్లజోడు.