కొస్తనాయ్ కాటా గది

రాత్రి పదకొండుకి అల్మాటీ పలకడం మానేసింది.
గోధుమ లారీలు మాత్రం ఆగలేదు.
కాటా ఎక్కడం, దిగడం, ఎక్కడం.
బల్లకింద బూడిదరంగు పెట్టె
ప్రతి తూకాన్నీ
తల్లిపిల్లి కూనని కరుచుకున్నట్టు
పట్టుకుని కూర్చుంది.

పన్నెండో లారీ మురాత్‌బెక్
కిటికీలోంచి తల దూర్చాడు:
"పైవాళ్ళింకా చూళ్ళేదుగా షోల్పాన్,
ఓ రెండొందల కిలోలు కలిపెయ్."
"చూడకపోతేనేం, పడిపోయింది," అన్నాను.
టీ పోశాను. అలిగే తాగాడు.

నాలుగుంబావుకి తీగకి ప్రాణమొచ్చింది.
అవతల అందిందని చెప్పాకే తర్వాతది,
వరస తప్పకుండా వదిలింది పెట్టె.
రాత్రంతా వచ్చిన ముప్పైయేడు లారీలూ
ఒక్క నిమిషంలో అల్మాటీ చేరాయి.

ఏడోదానికీ ఎనిమిదోదానికీ మధ్య
వాన కురిసి వెలిసిన సంగతి
అందులో లేదు.

మురాత్‌బెక్ తాగిన పియాలా
ఇంకా కడగలేదు.