గాజు గొట్టం

ఉదయగిరి పాల కేంద్రంలో ఇరవై రెండేళ్లు
తెల్లారుజామున నాలుగింటికి
పాలల్లో గాజు గొట్టం వదిలి
అది ఏ గీత దగ్గర నిలబడిందో చూసి
మనుషుల నిజాయితీ రాసినవాణ్ణి.
ముప్పై అంటే మంచిది.
ఇరవై నాలుగంటే:
"ఏంది మస్తానయ్యా, బావి కూడా ఈనిందా?"
వరసలో నిలబడ్డోళ్లంతా నవ్వేవాళ్లు.
ఆయన నవ్వేవాడు కాదు.

నెల్లూరు నించి ఎవరైనా మలై కాజా డబ్బా తెస్తే
ఒక్క ముక్క కొరికి చెప్పేవాణ్ణి,
ఇది గేదె మీగడ, ఇది పొడి పాలు అని.

యాభై మూడో ఏట కడుపు తిరగబడింది.
గుక్కెడు పాలకే లోపల ఉరుములు.
ఆత్మకూరు డాక్టరు కాగితం మీద కొట్టేసుకుంటా పోయాడు:
పాలు, కోవా, ఐస్‌క్రీమ్, జున్ను.
జున్ను దగ్గర పెన్ను కాస్త ఆగింది,
ఆయనకీ ఇష్టమేమో.

ఎదురింటి ఖాసింబీ కొయ్య గరిటెలు చెక్కుద్ది.
సంగతి తెలిసి గిన్నె పంపింది, రాగి హల్వా.
రాగులు నానేసి రుబ్బి పిండిన పాలు, కొబ్బరి పాలు,
తాటిబెల్లం, పైన దోరగా వేగిన నువ్వులు.
నెయ్యి చుక్క లేదంట.
గిన్నెలో కొత్త గరిటె,
చెక్క వాసనింకా పోలా.

తినలా.
ముందు కొలవాల గదా.
చెంబుడు కొబ్బరి పాలు అడిగి తెచ్చి
అటక మీది గొట్టం తుడిచి వదిలా.
బుడుంగున మునిగింది.
చివరి గీత కూడా కనపడలా.

"నీళ్లే!" అన్నా గెలిచినట్టు.
ఖాసింబీ గుమ్మంలోనించే అంది,
"కొవ్వు, అన్నా. కొవ్వెక్కువైనా మునుగుద్ది.
నీ గాజుకి నీళ్లూ మీగడా ఒకటే."

అప్పుడు గుర్తొచ్చాడు మస్తానయ్య.
ఆయన గేదె పాలు కాస్తే
వేలెడు మందాన మీగడ కట్టేదని
ఊరంతా చెప్పుకునేది.
నేను డబ్బులు కోసేవాణ్ణి.

అంగన్‌వాడీ తిరుపాలమ్మని అడిగా,
ఇందులో బలముందా, లేక ఊరికే తీపేనా అని.
ఆ పిల్ల గోడ మీది పటం చూపించింది.
సున్నం రాగుల్లోనే ఎక్కువ,
కానీ అదంతా ఒంటికి పట్టదు.
కొబ్బరి పాలల్లో కండకి పనికొచ్చేది తక్కువ,
కొవ్వు మాత్రం గేదెని మించుద్ది.
పాలల్లో ఉండే ఒక విటమినుకి
చెట్ల దగ్గర చిరునామా లేదు.
పీచు కావాలంటే నువ్వుల్ని అడుగు, పాలని కాదు.
బెల్లమంటావా,
నల్లగా ఉన్నంత మాత్రాన మందు కాదు పెదనాయనా,
రెండు గరిటెల కాడ ఆపు.

మూడు తిన్నా.
నాలుక కోవా కోసం వెతికింది,
దొరకలా,
నువ్వు గింజ ఒకటి పంటి కింద పగిలాక
వెతకడం మానింది.

ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదని మా అమ్మ అనేది.
మా గేదె పాలు పోసా.
ఆమెకి అరుగుతాయి గదా.
గొట్టం చేతిలోనే ఉంది,
కొలవలా.