కుడివైపు రెండు లివర్లు

క్రాడ్లీ హీత్‌లో వాన ఆగదు, సన్నబడుతుందంతే.
షెడ్డు రేకుల మీద ఆవాలు చిట్లుతున్నట్టు చప్పుడు.
లోపల స్టాండు మీద యాభై అయిదు నాటి ఏరియల్,
తలంటు పోయించుకుని
తువ్వాలు కోసం నిలబడ్డ పిల్లవాడిలా.

క్లైవ్ హాడ్లింగ్టన్ వచ్చాడు,
చంకలో ఫ్యాక్టరీ కేటలాగు, జేబులో భూతద్దం.
ఇంజను నంబరు చదివాడు, ఫ్రేము నంబరు చదివాడు.
రెండూ కలిశాయి.
జాతకాలు కుదిరిన పెళ్ళిళ్ళ పేరయ్యలా నవ్వాడు.
ఆ తర్వాత వంకలు మొదలయ్యాయి.

ఈ బోల్టు మెట్రిక్కు.
ఈ రంగు ఎవరింటి తలుపుకో వేయగా మిగిలింది.
మడ్‌గార్డుకి ఈ చిల్లులేమిటి?
ఇక ఇది...
వేలు హ్యాండిల్ కుడికొసన ఆగింది.
ఒకదాని కింద ఒకటి రెండు లివర్లు.
పైన బ్రేకు. కింద క్లచ్చు.
"క్లచ్చు ఎడమవైపు ఉండాలి.
ఇలా ఉంచితే ఆ బండికి అవమానం."

సరేనన్నాను.
నలభై రెండు పౌండ్లు పెట్టి ఒరిజినల్ తెప్పించాను.
బుడగల ప్లాస్టిక్‌లో చుట్టుకుని వచ్చింది, కొత్తకోడల్లా.

ఆ రాత్రి మొరాయిస్తున్న నట్టుకి
విట్‌వర్త్ స్పానరు తగిలించి
పాతదాన్ని ఊడదీశాను.
కొట్లో కొన్నది కాదు.
లోపలివైపు ఆకురాయి పళ్ళు ఇంకా ఉన్నాయి.
ఎవరో అరిగిన ఆకురాయిని
కొలిమిలో మెత్తబరిచి, వంచి,
అంచులు చెయ్యి కోయకుండా సానబట్టి
చేసిన లివరు.
వేలు ఆనేచోట చిన్న గుంట.
పగలంతా నేను ఆసుపత్రిలో కృత్రిమ కాళ్ళు చేస్తాను.
అలాంటి గుంట కొలత తీసి చేస్తే రాదు,
వాడితేనే వస్తుంది.

బండి అమ్మిన గ్లెనిస్ పార్జిటర్‌కి ఫోన్ చేశాను.
"అదా? నాన్నది గొలుసుల కార్ఖానా.
అరవై రెండులో ప్రెస్సు ఎడమచేతి వేళ్ళు మూడు తీసుకుంది.
బండి అమ్మెయ్యమన్నారు అందరూ.
మూడు వారాలు షెడ్డులోంచి బయటికి రాలేదు మనిషి.
మడ్‌గార్డు చిల్లులా? అవి నావి.
వెనక కూర్చుంటే పట్టుకోవడానికి
నాకొక పిడి బిగించాడు."
కాసేపు లైన్లో వాన వినిపించింది,
ఆమె వైపుదో నా వైపుదో.

అసలంటే మొదటిది.
అప్పిచ్చిన సొమ్ము కూడా అసలే.
అసలు కన్నా వడ్డీ ముద్దంటారు మావాళ్ళు,
మనవల్ని ఎత్తుకున్నప్పుడు.
ఫ్యాక్టరీ ఇచ్చింది అసలు.
డెస్మండ్ పార్జిటర్ ఏడు వేళ్ళతో పెంచింది వడ్డీ.
కేటలాగులో వడ్డీకి పేజీ లేదు.

అలాగని అన్నీ ఉంచలేదు.
తర్వాత ఎవరో తగిలించిన
పసుపు ప్లాస్టిక్ ఇండికేటర్లు పీకి పారేశాను.
తలుపు రంగు గీకి
ద్రాక్షసారా ఎరుపు వేయించాను, క్లైవ్ చెప్పినట్టే.
మెట్రిక్కు బోల్టూ మార్చాను.
కరెంటు మాత్రం ఆరు వోల్టుల నుంచి పన్నెండుకి పెంచాను.
నవంబరులో ఆ పాత దీపం వెలుగుతోందో లేదో చూడాలంటే
ఇంకో దీపం కావాలి మరి.
ఏది ఎందుకు ఉంచావు, ఏది ఎందుకు తీశావు
కాగితం మీద రాసిమ్మంటే
నా వల్ల కాదు.

చిల్లులు పూడ్చలేదు.
కొత్త లివరు సొరుగులో ఉంది, బుడగలతో సహా.
కుడిచెయ్యి ఒక్కటే మూడు పనులు చూసుకోవడం నేర్చుకుంటోంది.
మొన్న రౌండబౌట్ దగ్గర
రెండుసార్లు ఆగిపోయాను.
వెనక బస్సు డ్రైవరు నన్ను ఏమన్నాడో
ఇక్కడ రాయను.

జూన్‌లో మైదానంలో పోటీ.
క్లైవే జడ్జి.
బండి చుట్టూ తిరిగాడు, భూతద్దం తీశాడు,
లివర్ల దగ్గర పది మార్కులు కోశాడు.
ఏమీ అనలేదు నేను.
టీ తెచ్చుకోవడానికి గుడారం దాకా వెళ్ళి
వెనక్కి తిరిగితే
ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు.
ఎవరూ చూడట్లేదనుకుని
ఆ గుంటలో వేలు పెట్టి నొక్కాడు.
వదిలాడు. మళ్ళీ నొక్కాడు,
ఎడమచెయ్యి కోటు జేబులో దాచుకుని.