ట్రే వద్దన్నారు

తుర్కులో, ఔరా నది ఒడ్డున
పాత సామాన్ల దుకాణంలో పదకొండేళ్లుగా
ఇతరుల ఇళ్లు వదిలేసుకున్న వాటికి
ధరల చీటీలు అంటిస్తున్నాను.
హై చైర్లు మూడో వరసలో, ఇస్త్రీ బల్లల పక్కన.
నవంబరులో ఎక్కువ వస్తాయి, ఎందుకో తెలీదు.
పిల్లలు నవంబరులోనే పెద్దవాళ్లవుతారు కాబోలు.

ఆ రోజు నాలుగున్నాయి.
ఒకటి తెల్ల ప్లాస్టిక్‌ది, తుడిస్తే చాలు, మచ్చ మిగలదు.
ఒకటి మడిచి తలుపు వెనక నిలబెట్టేది.
ఒకటి చక్రాలది. దాన్ని నేనై నేను ఎవరికీ చూపించను.
నాలుగోది బిర్చి చెక్క, వయసుతో తేనెరంగు తేలింది,
ముందు కమ్మీ మీద ఎవరివో పాలపళ్ల గాట్లు,
ఎలక తీరుబడిగా కొరికినట్టు.

వాళ్లు తడిమంచు దులుపుకుంటూ వచ్చారు.
సైమి, యల్మరి. పేర్లు తరవాత రసీదు మీద చదివాను.
పాప ఆయన రొమ్ముకి కట్టిన గుడ్డలో, ఒక కాలికే బూటుతో.
నేను నా పాఠం అందుకున్నాను:
"ట్రే ఊడొస్తుంది, సింకులో కడగొచ్చు,
అయిదు చోట్ల బెల్టు, మూడేళ్ల దాకా ఢోకా లేదు..."
ఆమె చెవి మీద వేలు పెట్టి తల అడ్డంగా ఊపింది,
బయట మబ్బేసింది అన్నంత మామూలుగా.
నేను అదే మాట ఇంకాస్త గట్టిగా అన్నాను.
ఆ సిగ్గు ఇప్పటికీ దిగలేదు.

ఇన్నేళ్లూ నేను అమ్మింది ట్రేలని, తుడుపుని, మడతని.
వాళ్లు ముందు చూసింది ఎత్తు.
ఆమె అమ్మకానికున్న భోజనబల్ల దగ్గర కూచుంది.
ఆయన పాపని ఒక్కో కుర్చీలో దించాడు,
తల్లి కళ్లూ పిల్ల కళ్లూ ఒక గీత మీదికి వస్తాయా అని.
తెల్లదాంట్లో ట్రే పాప చంకల దాకా వచ్చింది,
చేతులు రెండూ దాని కింద చిక్కుకున్నాయి.
ఆమె వెంటనే వద్దంది. అది నాకూ అర్థమైంది.
మడిచేది మరీ వెనక్కి వాలింది, కప్పుని లెక్కపెట్టుకోమన్నట్టు.
చక్రాలదాన్ని ఆయన కాలితో తోస్తే
అది తిరిగి గోడ వైపు మొహం పెట్టింది.
ఇద్దరూ నవ్వారు.
నవ్వుకి చప్పుడుంటుందని నేను అనుకోలేదు.

తరవాత గొడవపడ్డారు.
అవును, గొడవే. వేళ్లు విసురుగా కదిలాయి,
ఒకరి చేతికి ఇంకొకరి చేయి అడ్డుపడింది,
ఆయన కళ్లు మూసుకున్నాడు, ఇక వినను పొమ్మని.
తెరిచేదాకా ఆమె భుజం తట్టింది.
ధర గురించో, గాట్ల గురించో,
ఎవరో కొనిస్తానన్న కొత్త కుర్చీ గురించో.
నాకేం తెలుసు?
గాజుగ్లాసులు తుడుస్తున్నట్టు నటించాను.

బిర్చి కుర్చీలో మరిచిపోయిన పాప
వాళ్లిద్దరి మధ్య గాలిని అటూ ఇటూ చూసి
పిడికిళ్లు రెండూ దగ్గరికి తెచ్చి కొట్టింది.
విడదీసింది. మళ్లీ కొట్టింది.
గొడవ సగంలో ఆగింది.
యల్మరి జేబులోంచి రై రొట్టె ముక్క తీసిచ్చాడు.
పాప దాన్ని చీకి, కింద పడేసి,
పిడికిళ్లు మళ్లీ కలిపింది.

సైమి నా లెక్కల పుస్తకంలో పెన్సిలుతో రాసింది:
"ఇంకా అంటోంది. బయట అనడం ఇదే మొదలు."
కింద ఇంకో వరస:
"ట్రే వద్దు. దాని డబ్బు తగ్గిస్తారా?"

తగ్గించాను, నాలుగు యూరోలు.
తగ్గించకూడదు, నియమం ఉంది.

కుర్చీని తలకిందులుగా భుజానికెత్తుకుని ఆయన,
పాపని తన రొమ్ముకి మార్చుకుని ఆమె,
వంతెన వైపు వెళ్లారు.
దీపస్తంభం వచ్చిన చోటల్లా ఆమె ఆగి, వెనక్కి తిరిగి
వెలుగులో ఏదో చెప్పేది.
ఆయనకి చేతులు ఖాళీ లేవు.
కనుబొమలతో, గెడ్డంతో జవాబిచ్చాడు.
సగం మాటలు ఆ మంచులోనే పడిపోయి ఉంటాయి.

ట్రే నా దగ్గరే ఉంది. దాని మీద కాఫీ కప్పు పెట్టుకుంటాను.
నిన్న ఎదురు బేకరీ ఆవిడ కెటిల్ తీసుకుపోతుంటే
పిడికిళ్లు రెండూ కలిపి చూపించాను.
"చేతులు చల్లబడ్డాయా, రౌహా?" అంది.
అవునన్నాను.